జవాబు: 12 మందిని కలిపాను, 7 మందే కనిపిస్తున్నారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాల కేంద్రాల లెక్కల కోసం ఆండ్రాయిడ్ యాప్ చేశారు. గూగుల్ ప్లే కన్సోల్‌లో (డెవలపర్లు ప్లే స్టోర్‌కు యాప్‌లు ఎక్కించే సైట్) మీది ఈ మధ్యే తెరిచిన వ్యక్తిగత ఖాతా. క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మీరు ఎంచుకున్నవాళ్లకే యాప్ ఇచ్చే పరీక్షలో, 12 మంది ఈమెయిళ్లు ఎక్కించారు. వారం గడిచినా డ్యాష్‌బోర్డులో 7 మందే కనిపిస్తున్నారు. కొందరికి లింకు నొక్కితే యాప్ అందుబాటులో లేదని వస్తోంది. ఇప్పుడు కొత్తవాళ్లను కలిపితే 14 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారా, ఐఫోన్ ఉన్న ఇద్దరిని ఎలా చేర్చాలి అన్నది మీ సందేహం.

ముందు చేదు మాట చెప్పేస్తాను. మీ 14 రోజులు మళ్లీ మొదలవడం కాదు, అసలు ఇంకా మొదలే కాలేదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ పెట్టిన షరతు ఏమిటంటే, యాప్‌ను అందరికీ విడుదల చేసే అనుమతి అడిగే ముందు కనీసం 12 మంది టెస్టర్లు ఒకేసారి, వరసగా 14 రోజులు ఆప్ట్-ఇన్ అయి (తామే ఒప్పుకుని పరీక్షలో చేరి) ఉండాలి. మొదట్లో ఇది 20 మంది ఉండేది, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. 7 మంది ఎన్నాళ్లు ఉన్నా ఆ 14 రోజుల్లోకి రాదు. పన్నెండో మనిషి చేరిన రోజే మీకు మొదటి రోజు. అదృష్టం ఏమిటంటే పాత 7 మంది మళ్లీ ఏమీ చెయ్యనక్కర్లేదు, వాళ్లు అలాగే ఉంటే చాలు.

ఇక 12 ఎక్కిస్తే 7 ఎందుకు చూపిస్తోంది? జాబితాలో ఈమెయిల్ రాయడం అంటే శుభలేఖ ఇవ్వడం. శుభలేఖ అందుకున్నవాళ్లంతా భోజనాల బంతిలో కూర్చోరు కదా. కన్సోల్ విస్తళ్లు లెక్కపెడుతుంది. పైగా ఈ పెళ్లిలో శుభలేఖను కూడా మీరే మోసుకెళ్లాలి. ప్లే కన్సోల్‌లో ఈమెయిల్ ఎక్కించగానే గూగుల్ వాళ్లకు ఆహ్వానం పంపుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. పంపదు. టెస్టర్స్ ట్యాబ్‌లో కింద ఒక లింకు ఉంటుంది. దాన్ని మీరే కాపీ చేసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపాలి. అవతలి మనిషి దాన్ని నొక్కి, అక్కడి పేజీలో టెస్టర్‌గా చేరడానికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత అదే పేజీలో ఉండే ప్లే స్టోర్ లింకుతో యాప్ దించుకోవాలి. మీ మిగతా 5 మంది ఈ మూడు మెట్లలో ఎక్కడో ఆగిపోయారు.

ఎక్కడ ఆగారో తెలియాలంటే వాళ్లకు ఏ సందేశం వస్తోందో స్క్రీన్‌షాట్ అడగండి. "రావట్లేదు" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. లింకు తెరిస్తే అసలు పేజీయే లేదని వస్తుంటే తప్పు మీ వైపు ఉంది. విడుదల ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉండి ఉంటుంది, లేదా రివ్యూలో ఉంటుంది. మీకు 7 మంది చేరారు కాబట్టి ఇది కాదు. పేజీ తెరుచుకుని "ఈ ఖాతాకు యాప్ అందుబాటులో లేదు" అంటే, ఆ మనిషి మీ జాబితాలో లేని ఖాతాతో లింకు తెరిచారు. చేరడం అయింది, కానీ ప్లే స్టోర్‌లోకి వెళ్తే యాప్ దొరకడం లేదంటే రెండు కారణాలు. కొత్తగా కలిపినవాళ్లకు కొన్ని గంటలు పట్టడం మామూలే. అది కాకపోతే బ్రౌజర్‌లో ఒక ఖాతా, ప్లే స్టోర్‌లో ఇంకో ఖాతా ఉన్నట్టు. "మీ దేశంలో అందుబాటులో లేదు" అంటే మీ ట్రాక్‌లో (కన్సోల్‌లో ఈ టెస్ట్ నడిచే విభాగం) దేశాల జాబితా చూసుకోండి.

దేశం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మనవాళ్లకు ఇది ఎక్కువగా తగులుతుంది. 12 మంది దొరక్క అమెరికాలో ఉన్న అన్నయ్యను, దుబాయ్‌లో ఉన్న క్లాస్‌మేట్‌ను కలుపుతాం. క్లోజ్డ్ టెస్టింగ్ ట్రాక్‌లో దేశం భారత్ ఒక్కటే పెట్టి ఉంటుంది. అన్నయ్య ప్లే ఖాతా దేశం అమెరికా. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఫోనే వాడుతున్నా సరే, చూసేది ఖాతా దేశాన్ని. ట్రాక్ సెట్టింగుల్లో ఆ దేశాన్ని కలిపితే సరిపోతుంది. అలా మార్చాక పబ్లిషింగ్ ఓవర్‌వ్యూ పేజీలోకి వెళ్లి, రివ్యూకు పంపకుండా మిగిలిన మార్పులు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. సేవ్ నొక్కేసి పనైపోయిందనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

అసలు చిక్కు మాత్రం నూటికి తొంభై సార్లు ఖాతాల దగ్గరే ఉంటుంది. నేను కిరాణా అప్పుల యాప్ ఒకటి చేసినప్పుడు మా వీధి కొట్టు బాబాయిని టెస్టర్‌గా పెట్టుకున్నాను. ఆయన చీటీ మీద రాసిచ్చిన మెయిల్ ఎక్కించాను, లింకు పంపాను. మూడు రోజులు "రావట్లేదురా" అంటూనే ఉన్నారు. చివరికి కొట్టుకే వెళ్లి, కందిపప్పు బస్తా మీద కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ప్లే స్టోర్ తెరిచి పైన కుడి మూలన ఉన్న గుండ్రటి బొమ్మ చూస్తే, అది వాళ్ల అమ్మాయి కాలేజీ ఫొటో. నొక్కితే మూడు ఖాతాలు బయటపడ్డాయి. ఒకటి అమ్మాయిది. ఒకటి ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడు తెరిచిచ్చినది, దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. మూడోది బాబాయి చీటీ మీద రాసినది, అది జీమెయిల్ యాప్‌లో తప్ప ఎక్కడా వాడరు. వాట్సాప్‌లో లింకు నొక్కితే క్రోమ్ తెరుచుకుంటోంది, క్రోమ్‌లో షాపు కుర్రాడి ఖాతా ఉంది. ప్లే స్టోర్‌లో అమ్మాయి ఖాతా ఉంది. నేను ఎక్కించింది మూడోది. ఇక ఎలా వస్తుంది?

మీ పాల కేంద్రాల వాళ్ల ఫోన్లు కూడా ఇలాగే ఉంటాయని నా అంచనా. అందుకే "మీ మెయిల్ ఐడీ ఏమిటి" అని నేను ఇప్పుడు అడగను. "ప్లే స్టోర్ తెరిచి, పైన మూలన మీ బొమ్మ నొక్కి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ పంపండి" అంటాను. అందులో కనిపించిన ఖాతానే జాబితాలో ఎక్కిస్తాను. ఫోన్‌లో మాటల మీద రాసుకున్న మెయిళ్లలో ఒక చుక్కో, ఒక అంకో తేడా పడుతుంది. స్క్రీన్‌షాట్ చూసి ఎక్కిస్తే ఆ బాధ లేదు.

నేను వాట్సాప్‌లో పంపే సందేశం ఇలా ఉంటుంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"బాబాయ్, మన యాప్ పరీక్షకు ఈ లింకు నొక్కండి. పేజీ తెరుచుకున్నాక పైన మీ మెయిల్ కనిపిస్తుంది, అది మొన్న మీరు స్క్రీన్‌షాట్ పంపిన మెయిలేనా చూడండి. కాకపోతే ఆగి నాకు ఫోన్ చెయ్యండి. అదే అయితే టెస్టర్ అవ్వమని అడిగే బటన్ నొక్కండి. తర్వాత కింద ఉన్న ప్లే స్టోర్ లింకుతో యాప్ దించుకోండి. వెంటనే కనిపించకపోతే సాయంత్రం మళ్లీ చూడండి. 15 రోజుల వరకు తీసెయ్యకండి, టెస్ట్ నుంచి బయటికి వెళ్లే బటన్ మాత్రం అసలు నొక్కకండి."

చివరి మాట ఎందుకంటే, చేరిన పేజీలోనే బయటికి వెళ్లే బటన్ కూడా ఉంటుంది. కుతూహలం కొద్దీ లింకు మళ్లీ తెరిచి, అక్కడ కనిపించిన ఒకే ఒక్క బటన్‌ను నొక్కేసేవాళ్లు ఉంటారు. సరిగ్గా 12 మందే ఉన్నప్పుడు ఒక్కరు అలా జారుకుంటే, వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లు తమ 14 రోజులు పూర్తిచేసేదాకా మీరు ఎదురుచూడాలి. ఫోన్ నుంచి యాప్ తీసేయడం, ప్రోగ్రామ్ నుంచి బయటికి రావడం రెండూ ఒకటి కావు. కానీ యాప్ వాడని టెస్టర్ మీకు ఎందుకు? అందుకే 12 మంది కావాలంటే 18 మందిని, వీలైతే 20 మందిని చేర్చుకోండి. పెళ్లికి బియ్యం కొలిచేటప్పుడు సరిగ్గా కొలుస్తామా?

ఇప్పుడు కొత్తవాళ్లను కలిపే పద్ధతి. కన్సోల్‌లో టెస్టింగ్ కింద క్లోజ్డ్ టెస్టింగ్‌లోకి వెళ్లి, మీ ట్రాక్ దగ్గర మేనేజ్ ట్రాక్ నొక్కి, టెస్టర్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ మీ ఈమెయిల్ జాబితా పేరు, పక్కన టిక్ పెట్టె ఉంటాయి. ఈ టిక్ లేకపోతే జాబితాలో వెయ్యిమంది ఉన్నా ఆ ట్రాక్‌కు సంబంధం ఉండదు. కొత్త జాబితా తయారుచేసినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. పాత జాబితానే తెరిచి, కొత్త మెయిల్ టైప్ చేసి, ఎంటర్ నొక్కండి. అది కింద వరసలో చేరిందని కళ్లతో చూశాకే సేవ్ చెయ్యండి. ఆ పెట్టె మూసుకున్నాక వెనక పేజీలో అడుగున ఇంకో సేవ్ ఉంటుంది, దాన్నీ నొక్కాలి. ఒక జాబితాలో 2,000 మంది దాకా పడతారు, కాబట్టి చోటు చాలదన్న బెంగ లేదు.

ఇక సీఎస్‌వీ ఫైల్, అంటే మెయిళ్లన్నీ వరసగా రాసి ఒకేసారి ఎక్కించే సాదా ఫైల్. దీని దగ్గర నాకు గట్టి దెబ్బే తగిలింది. అప్పుల యాప్‌కే 14 మంది చేరారు, పదకొండో రోజు నడుస్తోంది. ఇంకో ఐదుగురు దొరికారు. బద్ధకించి, ఆ ఐదుగురి మెయిళ్లతో చిన్న సీఎస్‌వీ ఫైల్ చేసి అప్‌లోడ్ చేశాను. సీఎస్‌వీ పాతవాటికి కొత్తవి కలపదు, పాతవాటి మీద కొత్తవి రాసేస్తుంది. జాబితాలో ఐదుగురే మిగిలారు. నేను చూసుకోలేదు, సేవ్ కొట్టి సినిమాకి వెళ్లిపోయాను. రెండు రోజుల తర్వాత బాబాయి "కొత్త అప్‌డేట్ నాకు రాలేదేంట్రా" అంటే అప్పుడు తెరిచి చూశాను. పాతవాళ్లందరినీ మళ్లీ ఎక్కించినా నా లెక్క మొదటికొచ్చింది. ఆ పదకొండు రోజులు గంగలో కలిశాయి. తప్పు పూర్తిగా నాదే, ఆ పేజీలో హెచ్చరిక ఉంది, నేను చదవలేదు. కాబట్టి ఐదారుగురిని కలపడానికి చేత్తో టైప్ చెయ్యండి. సీఎస్‌వీ వాడే తీరాలంటే ముందు ఉన్న జాబితా మొత్తం ఫైల్‌లో పెట్టి, దాని కింద కొత్తవాళ్లను రాసి, అప్పుడు ఎక్కించండి. ఒక్కో వరసలో ఒక్క మెయిలే ఉండాలి, పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు.

మీ యాప్‌కు పాల కేంద్రాలు ఒక్కొక్కటే చేరుతూ ఉంటాయి కాబట్టి గూగుల్ గ్రూప్ పద్ధతి కూడా ఆలోచించండి. ఒక గూగుల్ గ్రూప్ తెరిచి, దాని చిరునామాను టెస్టర్స్ ట్యాబ్‌లో ఇస్తే, ఆ గ్రూపులో ఉన్నవాళ్లంతా అర్హులవుతారు. తర్వాత కొత్తవాళ్లను చేర్చడానికి కన్సోల్ తెరవక్కర్లేదు, గ్రూపులో చేరిస్తే చాలు. ఊళ్లో మీ తరఫున తిరిగే మనిషి ఉంటే ఆ పని అతనికే అప్పజెప్పొచ్చు, కన్సోల్ తాళాలు ఇవ్వక్కర్లేకుండానే. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, సభ్యుల జాబితాను యజమానులు మాత్రమే చూసేలా సెట్ చెయ్యండి. ఒక కేంద్రం ఏజెంట్ మెయిల్ ఇంకో కేంద్రం వాళ్లకు కనిపించాల్సిన పని లేదు. గ్రూపులో చేరాక కూడా ఆప్ట్-ఇన్ లింకు నొక్కడం తప్పదు సుమా. ఈ రెండు మెట్లు కొందరిని గందరగోళపెడతాయి. 20 మంది లోపు అయితే నా ఓటు మామూలు ఈమెయిల్ జాబితాకే.

ఇంకొకటి అడగాలి. మొదట్లో ఈ యాప్‌ను ఇంటర్నల్ టెస్టింగ్‌లో పెట్టి స్నేహితులకు ఇచ్చారా? ఇంటర్నల్ టెస్టింగ్ మంచిదే, 100 మంది దాకా వేసుకోవచ్చు, బిల్డ్ (మీరు తయారుచేసిన యాప్ కూర్పు) త్వరగా చేరుతుంది. కానీ ఈ 12 మంది, 14 రోజుల షరతుకు అది లెక్కలోకి రాదు. పైగా ఇంటర్నల్ టెస్ట్‌లో చేరి ఉన్న ఖాతాకు క్లోజ్డ్ టెస్ట్ అర్హత ఉండదు. ముందు అక్కడి నుంచి బయటికి వచ్చి, తర్వాత ఇక్కడ చేరాలి. మీ 5 మందిలో ఒకరిద్దరి కథ ఇదే అయినా నేను ఆశ్చర్యపోను.

మధ్యలో కొత్త బిల్డ్ పెడితే రోజులు తెగిపోతాయేమో అని భయపడేవాళ్లున్నారు. తెగవు. పెట్టండి, పెట్టాలి కూడా. వెర్షన్ కోడ్ (బిల్డ్ వరస సంఖ్య) పెంచడం మాత్రం మరవకండి. రేపు ప్రొడక్షన్ (అందరికీ విడుదల) అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు గూగుల్ అడిగే ప్రశ్నలు ఇవే: టెస్టర్లు సులువుగా దొరికారా, వాళ్లు యాప్ ఎలా వాడారు, ఏం చెప్పారు, అది విని మీరు ఏం మార్చారు. 14 రోజులు ఒకే బిల్డ్ కదలకుండా పడి ఉంటే చివరి ప్రశ్నకు ఏం రాస్తారు? వాళ్లు సంతృప్తి చెందకపోతే ఇంకొన్నాళ్లు టెస్ట్ చెయ్యమని వెనక్కి పంపుతారు.

దీనికి నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుంటాను. తేదీ, ఎవరు, ఏం చెప్పారు, ఏం చేశాను, అంతే. ఉదాహరణకు మీ యాప్‌లో ఒక ఏజెంట్ "తెల్లారి నాలుగింటికి వెలుతురు తక్కువ, అంకెలు కనపడట్లేదు" అన్నాడనుకోండి. మరుసటి బిల్డ్‌లో వెన్న శాతం రాసే గడి పెద్దది చేశారనుకోండి. ఆ రెండు వరసలు దరఖాస్తులో రాస్తే, "యూజర్లు చాలా మంచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు" అన్న పది వాక్యాల కన్నా నయం. క్లోజ్డ్ టెస్ట్‌లో ఉన్నవాళ్లు ప్లే స్టోర్‌లో రాసే అభిప్రాయం బయటికి కనపడదు, మీకు మాత్రమే కన్సోల్‌లో చేరుతుంది. కానీ మనవాళ్లు అక్కడ రాయరు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. పర్వాలేదు, విని పుస్తకంలో రాసుకోండి. ఫీడ్‌బ్యాక్ కోసం మెయిల్ ఇచ్చే గడి టెస్టర్స్ ట్యాబ్‌లోనే ఉంది, అది ఖాళీగా వదలకండి.

డబ్బులిస్తే టెస్టర్లను ఇస్తామనే గ్రూపులు, "నీ యాప్ నేను వేసుకుంటా, నా యాప్ నువ్వు వేసుకో" అనే గ్రూపులు మీకు ఈపాటికే కనిపించి ఉంటాయి. నేనూ ఒకసారి డబ్బులు కట్టాను. చెప్పినంత మందీ చేరారు, ఒక్కరూ రెండోసారి తెరవలేదు, ఒక్క మాటా చెప్పలేదు. పైన చెప్పిన ప్రశ్నలకు రాయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మీ దగ్గర పాలు పోసే ఊళ్లున్నాయి, రోజుకు రెండు పూటలా యాప్ తెరవాల్సిన ఏజెంట్లున్నారు. అంతకన్నా మంచి టెస్టర్లు ఎవరికి దొరుకుతారు? మెయిల్ ఎక్కించే ముందు వాళ్లను ఒక్క మాట అడగండి, అంతే.

యాప్‌లో నెల చందా పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టి ఉంటే, టెస్టర్ల జాబితాలో ఉన్నంత మాత్రాన వాళ్లకు చందా ఉచితం కాదు, నిజంగానే డబ్బులు కట్ అవుతాయి. కన్సోల్ సెట్టింగుల్లో లైసెన్స్ టెస్టింగ్ అని వేరేగా ఉంటుంది, అక్కడ కూడా వాళ్ల ఖాతాలు చేర్చండి. పాల ఏజెంటు ఖాతాలోంచి డబ్బులు పోతే మీ మీద వచ్చే తిట్లకు ఏ కన్సోల్లోనూ సెట్టింగ్ లేదు.

ఐఫోన్ ఇద్దరిని ఈ 12లో లెక్కపెట్టకండి, వాళ్ల దారే వేరు. ఆపిల్‌లో ఇదంతా టెస్ట్‌ఫ్లైట్ అనే దాని సొంత టెస్టింగ్ యాప్ ద్వారా జరుగుతుంది, దానికి ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ సభ్యత్వం, ఐఓఎస్ బిల్డ్ రెండూ కావాలి. అక్కడ ఇంటర్నల్ టెస్టర్లు అంటే మీ యాప్ స్టోర్ కనెక్ట్ (ఆపిల్ వైపు కన్సోల్ లాంటిది) ఖాతాలో సభ్యులైనవాళ్లు, 100 మంది దాకా ఉండొచ్చు. బయటివాళ్లు 10,000 మంది దాకా ఉండొచ్చు, కానీ వాళ్లకు ఇచ్చే మొదటి బిల్డ్‌ను ఆపిల్ రివ్యూ చేస్తుంది. మెయిల్ ఎక్కిస్తే ఆహ్వానం తానే పంపుతుంది. మెయిళ్ల గొడవే వద్దనుకుంటే పబ్లిక్ లింకు ఇచ్చి, దానికి ఎంతమంది చేరొచ్చో పరిమితి పెట్టొచ్చు. ఒక్కో బిల్డ్ 90 రోజులకు చెల్లిపోతుంది. ఇద్దరి కోసం ఇప్పుడే అంత ఖర్చు అనవసరం అంటాను. వాళ్ల ఇంట్లో ఆండ్రాయిడ్ వాడే మనిషి ఉంటే ఆ ఫోన్‌లో చేర్చుకోండి.

ఈ రాత్రికి చెయ్యాల్సింది ఆ 5 మందికీ ఫోన్ చేసి ప్లే స్టోర్ ఖాతా స్క్రీన్‌షాట్లు తెప్పించుకోవడం. మీరు ఎక్కించిన మెయిల్‌తో ఒక్కోటి పోల్చి చూడండి. అన్నీ సరిపోయి, దేశం కూడా సరిగ్గా ఉండి, రేపు సాయంత్రానికీ ఎవరికైనా రాకపోతే, వాళ్లకు కనిపించే సందేశం స్క్రీన్‌షాట్‌ను మెయిళ్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.